ఏడు కిలోల ప్రయాణం

మీరెప్పుడైనా గమనించారా? మన పాత సినిమాల్లో హీరోగారు ఫారిన్‌లో చదువు ముగించుకుని విమానం దిగుతాడు. నల్ల కళ్ళద్దాలు, పూలదండ కోసం కాస్త వంచిన తల, చేతిలో చిన్న బ్రీఫ్‌కేసు... అంతే! ఐదేళ్ళు అక్కడున్న మనిషికి అంతకు మించి సామాను ఉండదు. ఎయిర్‌పోర్టు బెల్టు దగ్గర నిలబడి, పెట్టె కోసం మెడ సాచి చూసే హీరోని నేనింతవరకూ చూడలేదు. సరే, ఇంటికొచ్చి తల్లి కాళ్ళకి దండం పెట్టి, మూడో రీల్లో హీరోయిన్ కనబడగానే పాటందుకుంటాడు. ఆ ఒక్క పాటలో ఎనిమిది డ్రెస్సులు మారుస్తాడు! అన్ని బట్టలు ఆ బ్రీఫ్‌కేసులో ఎలా పట్టాయని హాల్లో ఎవరైనా అడిగారా? అడగం. అది సినిమా!

చిక్కెక్కడొచ్చిందంటే, మనకి రెండూ కావాలి. హీరోలా ఒట్టి చేతులు ఊపుకుంటూ విమానం దిగాలి, పాటలో హీరోలా పూటకో డ్రెస్సు మార్చాలి. సినిమాలో కుదురుతుంది గాని, విమానంలో కుదరదండీ. అక్కడ కౌంటర్లో కాటా ఉంటుంది.

ఆ కాటా లెక్క ముందే చెప్పేస్తాను. మన దేశంలో తిరిగే విమానాల్లో మామూలు టికెట్టుకి చేతిసంచీ ఒక్కటి, బరువు ఏడు కిలోలు. సంచీ పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపితే 115 సెంటీమీటర్లు మించకూడదు. విమానం పొట్టలో వేయడానికి అప్పగించే పెట్టెకైతే చాలా టికెట్ల మీద పదిహేను కిలోల దాకా ఉచితం. అందుకే మనవాళ్ళు ఏమంటారంటే, "పదిహేను కిలోలు ఊరికే ఇస్తుంటే వదులుకోవడం ఎందుకు?"

నేనూ అలాగే అనేవాణ్ణి. 2019 నవంబరు దాకా.

నలభై నిమిషాలు

మాది కొవ్వూరు. గోదావరికి అవతలి ఒడ్డున రాజమండ్రి, ఇవతలి ఒడ్డున మేము. మా మేనమామ ఒకప్పుడు టూరింగ్ టాకీసులో ఆపరేటరు. తర్వాత చుట్టుపక్కల థియేటర్లలో చేశాడు. నాకు సినిమా పిచ్చి పట్టించిన మహానుభావుడు ఆయనే. నేను హైదరాబాదు చేరి, సినిమాల గురించి నాలుగు ముక్కలు రాసుకుని బతుకుతున్నానంటే ఆ పుణ్యం ఆయనదే.

ఆ నవంబరులో ఒక రాత్రి ఫోన్. మావయ్యకి గుండెనొప్పి, రాజమండ్రిలో ఆస్పత్రిలో చేర్చారు, పొద్దున్నే ఆపరేషన్ అన్నారు. తెల్లవారుజామున విమానానికి టికెట్టు దొరికింది. అక్కడితో ఆగితే బాగుండేది. అదే వారం గోదావరి లంకల్లో ఒక పెద్ద డైరెక్టరుగారి షూటింగు జరుగుతోంది. ఎలాగూ వెళ్తున్నాను కదా, మావయ్యకి తగ్గాక అటు కూడా ఒకసారి వెళ్ళి ఆయన దర్శనం చేసుకుందామనిపించింది. పెద్దాయన ముందు నలిగిన చొక్కాతో నిలబడతామా? ఐదు చొక్కాలు, మూడు ప్యాంట్లు, రెండు జతల బూట్లు, ఒక కోటు... ఇవన్నీ పెద్ద సూట్‌కేసులో కుక్కాను. చెబితే నవ్వుతారు గాని, ఇస్త్రీ పెట్టె కూడా పెట్టాను! సరిగ్గా పదిహేను కిలోలు. కౌంటర్లో కాటా మీద ఆ అంకె చూసి మురిసిపోయాను కూడా.

మధురపూడిలో విమానం దిగాను. మా ఎయిర్‌పోర్టు చిన్నదే. బెల్టు తిరగడం మొదలెట్టింది. ఒక్కొక్కరే వాళ్ళ పెట్టె తీసుకుని వెళ్ళిపోతున్నారు. అట్టపెట్టెలు, పెళ్ళివారి సూట్‌కేసులు అన్నీ వచ్చాయి. నాది రాలేదు. బెల్టు ఆగిపోయింది. వాళ్ళనీ వీళ్ళనీ అడిగితే, హైదరాబాదులోనే ఉండిపోయిందేమో, రేపు వస్తుంది, ఫారం నింపండి అన్నారు. పెట్టె రంగేమిటి, కంపెనీ ఏమిటి, లోపల ఏమేం ఉన్నాయి... నేను నిలబడి "ఇస్త్రీ పెట్టె ఒకటి" అని రాస్తున్నాను. మొత్తం నలభై నిమిషాలు.

నేను ఆస్పత్రి మెట్లెక్కేసరికి మావయ్యని లోపలికి తీసుకెళ్ళి పావుగంటయింది. "వాడొచ్చాడా అని రెండుసార్లు అడిగారురా" అంది అత్తయ్య.

మావయ్య మళ్ళీ బయటికి రాలేదు.

తప్పు విమానం వాళ్ళదని తిట్టుకోవచ్చు. కొన్నాళ్ళు తిట్టుకున్నాను కూడా. కాని ఆ పెట్టె ఎగరేసుకుని వెళ్ళిందెవరు? ఆ ఫారం అక్కడే పడేసి పరిగెత్తకుండా, కోటు పోతుందేమోనని నిలబడిందెవరు? మర్నాడు సాయంత్రం ఎవరో కుర్రాడు సూట్‌కేసు భద్రంగా ఇంటికి తెచ్చి ఇచ్చి సంతకం తీసుకున్నాడు. పదమూడు రోజులూ అది మూలనే ఉంది. అందులో ఒక్క వస్తువూ నాకు అవసరపడలేదు.

ఆస్పత్రివాళ్ళు మావయ్య సామాను అత్తయ్య చేతికిచ్చారు. గుడ్డసంచీ ఒకటి. ఒక లుంగీ, ఒక తువ్వాలు, ఒక బనీను, సబ్బుపెట్టె, దువ్వెన, కళ్ళజోడు కేసు. రెండు కిలోలు కూడా ఉండదు. ఆయన ఎక్కడికెళ్ళినా అంతే. "బతుకంతా రీళ్ళ డబ్బాలు మోశానురా అల్లుడూ. ఇంక సొంత బరువు కూడా దేనికి?" అనేవాడు.

తుండుగుడ్డ శాస్త్రం

అప్పట్నుంచీ నేను విమానం ఎక్కితే ఒక్క చేతిసంచీయే. ఐదారేళ్ళుగా పడ్డ అవస్థల్లోంచి నేర్చుకున్న కిటుకులు నాలుగు మీకూ చెబుతాను. ఇంటర్వ్యూకని, పరీక్షకని, ఆడిషన్‌కని పరుగులు పెట్టే వయసు మీది. పనికొస్తాయి.

మొట్టమొదటిది సంచీ. చక్రాల ట్రాలీ చూడ్డానికి హుందాగానే ఉంటుంది. కాని ఖాళీదే రెండున్నర, మూడు కిలోలు తూగుతుంది. అంటే మీ ఏడు కిలోల్లో మూడో వంతు పైనే పెట్టెకే పోయింది! భుజానికి తగిలించుకునే మెత్తటి సంచీ అయితే కిలో లోపే. పైగా చిన్న ఊళ్ళకి వెళ్ళే పంకాల విమానాలు ఉంటాయి చూశారూ, వాటిలో తలమీది అరలు చిన్నవి. గట్టి పెట్టె పట్టదు, మెత్తటి సంచీ ఒత్తితే ఒదిగిపోతుంది.

రెండోది తూకం. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ ఉంటే సంచీతో ఒకసారి, సంచీ లేకుండా ఒకసారి ఎక్కి తీసివేత చెయ్యండి. ఎప్పుడూ ఆరు కిలోల దగ్గర ఆగిపోండి. మిగిలిన కిలో తిరుగు ప్రయాణానికి. ఎందుకో చివర్లో చెబుతాను.

మూడోది బట్టలు. ఒంటి మీద ఒక జత, సంచీలో రెండు చొక్కాలు, ఒక ప్యాంటు. బరువైన బూట్లు, జీన్సు ఒంటి మీదే ఉండాలి. కాటా సంచీని తూస్తుంది గాని మనిషిని తూయదు కదా! రాత్రి స్నానం చేస్తూ చొక్కా జాడించి ఫ్యాను కింద ఆరేస్తే పొద్దుటికి సిద్ధం. లావుపాటి టర్కీ టవలు వద్దు. మనకి తాతల నాటి తుండుగుడ్డ ఉంది. వందల గ్రాముల్లో బరువు, గంటలో ఆరుతుంది. ఇక లుంగీ సంగతి చెప్పాలా? కట్టుకుంటే బట్ట, కప్పుకుంటే దుప్పటి, మడిస్తే తలగడ, కిటికీకి కడితే తెర. ఆడపిల్లలకి చున్నీ కూడా అంతే. ఇంతకంటే ఎక్కువ వేషాలు వేసే ఆర్టిస్టు మన ఇండస్ట్రీలో కూడా లేడు!

నాలుగోది, పెట్టకూడనివి. కత్తెర, చాకు, బ్లేడు చేతిసంచీలో ఒప్పుకోరు. పవర్ బ్యాంకు మాత్రం తద్విరుద్ధం. అది చేతిసంచీలోనే ఉండాలి, అప్పగించే పెట్టెలో పెట్టకూడదు. మందులు, సర్టిఫికెట్లు కూడా ఎప్పుడూ చేతిలోనే. విదేశాలకి వెళ్ళే విమానాల్లో నీళ్ళు, నూనెలు, క్రీముల లాంటివి ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లకి మించకూడదు. అన్నీ కలిపి ఒక లీటరు పట్టే పారదర్శక సంచీలో పెట్టాలి. 2006 ఆగస్టులో లండన్ నుంచి వెళ్ళే విమానాలని ద్రవపదార్థాల బాంబులతో పేల్చే కుట్ర బయటపడింది. అప్పట్నుంచీ ఈ జాగ్రత్తలు. ఇప్పుడు కొన్ని దేశాల్లో కొత్త మిషన్లొచ్చి సడలిస్తున్నారు గాని, చిన్న సీసాల్లో పోసుకుంటే ఎక్కడా పేచీ ఉండదు.

అన్నట్టు ఆవకాయ! ఇది వినండి. ఒకసారి మా అమ్మ, "నీ సంచీలో ఇంకా చోటుందిరా" అంటూ చిన్న జాడీ దూర్చింది. సెక్యూరిటీ దగ్గర మిషన్ ఆగింది. జవాను మూత తీశాడు. ఆ ఘుమఘుమకి క్యూ మొత్తం ఇటు తిరిగింది! "నూనె ఉంది, చేతిసంచీలో కుదరదు సార్" అన్నాడు. అతని ముఖంలో నిజమైన విచారం కనబడింది. నాక్కూడా కళ్ళు చెమర్చాయి. కారం వల్ల మాత్రం కాదు లెండి. మళ్ళీ అమ్మకి చెప్పలేక, ఆవకాయ బ్రహ్మాండంగా ఉందని ఫోన్ చేశాను. ఈ వ్యాసం అమ్మ చదవకపోతే బాగుండును!

ఇంతకీ ఇన్నేళ్ళలో నాకర్థమైన అసలు సంగతి ఒకటుంది. మనం పెట్టెలో కుక్కేవాటిలో సగం బట్టలు కావు, భయాలు. "నిన్నటి చొక్కాయే వేసుకున్నాడేమిటి" అని ఎవరైనా అనుకుంటారేమోనని భయం. సినిమా షూటింగులో కంటిన్యూటీ చూసే అసిస్టెంటు ఉంటాడు. హీరో నిన్న ఏ చొక్కా వేసుకున్నాడో అతనికే గుర్తుంటుంది. మన జీవితంలో అలాంటి అసిస్టెంటు లేడండీ! నేను మూడు రోజులు రెండే చొక్కాలతో తిరిగితే ఇంతవరకూ అడిగిన నాథుడు లేడు. మన వెనకాల కెమెరా లేదు. ఆ సంగతి తెలిస్తే సగం బరువు దిగిపోతుంది.

సినిమా చెట్టు

2024 ఆగస్టు 5, సోమవారం. పొద్దున్న ఫోన్ తెరిచాను. ఊళ్ళో స్నేహితుడు ఒక ఫోటో పంపాడు. కింద ఒకే ముక్క... "మన చెట్టు పడిపోయింది."

కొవ్వూరుకి దగ్గర్లో కుమారదేవం అనే ఊరుంది. అక్కడ గోదావరి గట్టున పెద్ద నిద్రగన్నేరు చెట్టు. వయసు నూట యాభై ఏళ్ళకి దగ్గర. "సినిమా చెట్టు" అంటే ఆ ప్రాంతంలో చంటిపిల్లాడు కూడా దారి చూపిస్తాడు. దాని కింద మూడొందల సినిమాలు తీశారని ఊళ్ళోవాళ్ళ లెక్క. సినిమావాళ్ళకి గోదావరి మీద మోజు ఎప్పట్నుంచో ఉన్నదే. ఆదుర్తిగారి 'మూగమనసులు' (1964) గోదావరి మీదే సాగింది. బాపుగారి మొదటి సినిమా 'సాక్షి' (1967) గోదావరి ఒడ్డున పులిదిండిలో తీశారు. ఆ వరసలోనే మా చెట్టు కూడా ఆర్టిస్టయిపోయింది. గొడుగులా విప్పుకున్న కొమ్మలు, వెనకాల నది. కెమెరా ఎటు పెట్టినా ఫ్రేము నిండేది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మావయ్య సైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. షూటింగు! లారీలోంచి ట్రంకుపెట్టెలు దింపుతున్నారు. హీరోయిన్ బట్టల పెట్టెలే ఎన్నో. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. మావయ్య నా తల పట్టుకుని పైకి తిప్పాడు. "వాళ్ళని కాదురా, చెట్టుని చూడు. ఒక్క డ్రెస్సుతో నిలబడి ఎన్ని సినిమాల్లో యాక్ట్ చేసిందో!"

ఫోటో చూసిన పది నిమిషాల్లో సంచీ సర్దేశాను. నిజంగా పది నిమిషాలే. రెండు చొక్కాలు, లుంగీ, తుండుగుడ్డ, ఛార్జరు, నోటుపుస్తకం. ఐదు కిలోల ముప్పాతిక. మర్నాడు పొద్దున్న విమానం. అదే పంకాల విమానం, అదే గంట ప్రయాణం. కిటికీలోంచి వర్షాకాలపు గోదావరి ఎర్రగా, వెడల్పుగా కనబడింది. వరదలు తగ్గి ఎన్నాళ్ళో కాలేదు.

మధురపూడిలో దిగాను. బెల్టు ఇంకా తిరగడం మొదలెట్టలేదు. జనం దాని చుట్టూ మూగుతున్నారు. నేను ఆగకుండా పక్కనుంచి నడిచాను. ఐదేళ్ళ కిందట నిలబడి ఫారం నింపిన బల్ల దాటుతుంటే కాళ్ళు వాటంతటవే తొందరపడ్డాయి. ఇప్పుడెందుకు తొందర? ఆస్పత్రిలో ఎవరూ లేరు. నేనొచ్చానా అని అడిగేవాళ్ళెవరూ లేరు. అయినా తొందరపడ్డాయి.

గోదావరి దాటి కుమారదేవం చేరాను. చెట్టు నేలమీద పడుకుని ఉంది. నిలబడ్డప్పుడు అంత పెద్దదని తెలియలేదు సుమండీ! కొమ్మల మీద పిల్లలెక్కి ఫోటోలు దిగుతున్నారు. ఎక్కడెక్కడి నుంచో కార్లేసుకుని వచ్చినవాళ్ళు మాట్లాడకుండా నిలబడ్డారు. ఒక పెద్దాయన కండువాతో మొహం తుడుచుకుంటూ, "మొదలు బతికుంటే మళ్ళీ చిగురుస్తదండీ, మొండిది" అన్నాడు. ఆకులింకా పూర్తిగా వాడలేదు.

సంచీ భుజానికి ఉండగానే ఆ కొమ్మల మధ్య సాయంత్రం దాకా కూర్చున్నాను. ఎక్కడ దించాలి, ఎవరు చూస్తుంటారు అన్న బెంగ లేదు. నిద్రగన్నేరుకి ఆ పేరెందుకొచ్చిందో తెలుసుగా? పొద్దుగూకితే ఆకులు రెండేసి చేతులు జోడించినట్టు ముడుచుకుంటాయి. ఆ సాయంత్రం కూడా ముడుచుకున్నాయి. నిద్రపోయాయో, వాడిపోయాయో నాకు తెలియలేదు.

రాత్రి అత్తయ్య ఇంట్లో పడుకున్నాను. "ఇంతేనా సామాను?" అంది సంచీ చూసి. మూల మేకుకి ఇంకా మావయ్య గుడ్డసంచీ వేలాడుతోంది. దాని పక్కన నా సంచీ తగిలించింది. ఇద్దరమూ ఇంకేమీ మాట్లాడుకోలేదు.

ఖాళీ ఉంచిన కిలో

తిరుగు ప్రయాణానికి ఒక కిలో ఖాళీ ఉంచమన్నానే, అది ఇందుకే. వెళ్ళిన చోట మనకేం ఇస్తారో ముందు తెలియదు. అత్తయ్య ఆత్రేయపురం పూతరేకులు పెట్టెకట్టి ఇచ్చింది. చేతిసంచీ ప్రయాణికుడి కోసమే ఎవరో కనిపెట్టారేమో అనిపించే మిఠాయి అది. బరువుండదు, నూనె కారదు. విమానం పొట్టలో వేస్తే పిండైపోతుంది, ఒళ్ళో పెట్టుకుంటే చెక్కుచెదరదు. అమ్మకి ఆవకాయ బాకీ ఉన్నాను కదా, ఇది వడ్డీ అనుకున్నాను.

దాని పైన, తుండుగుడ్డలో చుట్టి, నిద్రగన్నేరు కాయ ఒకటి పెట్టుకున్నాను. చెట్టు కింద ఏరింది. నల్లగా, వంకరగా ఉంది. ఊపితే లోపల గింజలు చప్పుడవుతున్నాయి.

ఎయిర్‌పోర్టులో కౌంటరు అమ్మాయి సంచీని కాటా మీద పెట్టమంది. ఆరు కిలోల నాలుగొందల గ్రాములు. "చెకిన్ సామాను ఏమీ లేదా సార్?" అని అడిగింది.

"లేదమ్మా, ఇంతే" అన్నాను.